చలి దేశపు పూల గడ్డలు చిత్తూరులో పూస్తాయా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఇంటి వెనక రెండు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. బంగారుపాళ్యం దగ్గర కొంత మామిడి తోట కూడా ఉంది. మా పెద్దబ్బాయి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఫిబ్రవరిలో వాళ్ల ఇంటి ముందు గడ్డిలో పూసిన ఊదా రంగు క్రోకస్‌లు, తెల్లటి స్నోడ్రాప్‌ల ఫొటోలు పంపాడు. అంత చలిలోనూ వాటి మీద తేనెటీగలు వాలి ఉన్నాయి. అవి చూసినప్పటి నుంచి నాకూ అలాంటివి పెంచాలని ఉంది. మా పెరటి చింతచెట్టు తొర్రలో ఎప్పటి నుంచో తేనెపట్టు ఉండేది, ఈ మధ్య ఈగలు బాగా తగ్గిపోయాయి. వాటి కోసమైనా నాలుగు పూలు ఉండాలని ఆశ. ఆన్‌లైన్‌లో ఒకచోట ఈ గడ్డలు అమ్ముతున్నారు, ఎక్కడైనా పూస్తాయని రాశారు. కొనవచ్చా? ఫ్రిజ్‌లో పెట్టి నాటితే పూస్తాయని ఒకరు చెప్పారు, నిజమేనా? సంక్రాంతికి వచ్చేటప్పుడు అబ్బాయే గడ్డలు తెస్తానంటున్నాడు, తేవచ్చా? వాడు అక్కడ ఇంకొన్ని నాటాలనుకుంటున్నాడు, ఏవి నాటమని చెప్పాలి?
ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ గడ్డలు కొనకండి. అవి ఎక్కడైనా పూస్తాయన్న మాట పూర్తిగా అబద్ధం. మీ డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆశగా నాటి, నీళ్లు పోసి, ఫిబ్రవరి దాకా ఎదురుచూసి, చివరికి కుళ్లిన గడ్డను తవ్వి తీయాల్సి రావడం ఇంకో ఎత్తు. మీకు ఆ బాధ వద్దు. మీ పెరట్లో గడ్డ నుంచి పువ్వు రావాలి, ఆ పువ్వు మీద తేనెటీగ వాలాలి అన్న కోరిక మాత్రం తీరేదే. మీ ఉత్తరం సెప్టెంబరు చివర వచ్చింది కాబట్టి ఇటు మీకూ అటు అబ్బాయికీ నాటే సమయం ముందే ఉంది.

క్రోకస్, స్నోడ్రాప్ లాంటివి ఇక్కడ ఎందుకు పూయవో చెబుతాను. వీటి పుట్టిల్లు ఐరోపా, పశ్చిమాసియాల్లోని కొండ పచ్చికలు, ఆకురాల్చే అడవులు. చెట్లు మోడువారి ఉన్నప్పుడే, పైన చిగురు వేసి నీడ కమ్మేలోగా ఇవి గబగబా పూసి, విత్తనం కట్టి, ఆకు పండించుకుని మళ్లీ మట్టిలోకి వెళ్లిపోతాయి. వేసవి అంతా గడ్డ నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది కానీ వచ్చే ఏడు పూయాల్సిన మొగ్గ ఆ నెలల్లోనే లోపల తయారవుతుంది. తొలి చలికి వేళ్లు దిగుతాయి. అక్కడి నుంచి రమారమి 12 నుంచి 16 వారాల పాటు మట్టి 9 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. ఆ చలి తగిలితేనే మొగ్గను మోసే కాడ సాగుతుంది. తగలకపోతే సన్నటి ఆకులు నాలుగు వస్తాయి, మొగ్గ గడ్డలోనే ఎండిపోతుంది. మంచును చీల్చుకుని వచ్చే ఆ బలమంతా చలిని ఓర్చుకోవడంలోనే ఉంది. మన ఎండను ఓర్చుకునే శక్తి వాటికి లేదు.

చిత్తూరు సంగతి మీకు తెలియనిది కాదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున దుప్పటి కావాలనిపిస్తుంది, మధ్యాహ్నానికి మళ్లీ చొక్కా చెమటతో తడుస్తుంది. ఆ గడ్డలకు కావలసింది వారాల తరబడి పగలూ రాత్రీ వదలని చలి. 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ కొండల మీద కూడా అంత చలి నిలవదు. పైగా ఇక్కడ నాటే వేళకు, అంటే అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాల వాన మన జిల్లాను ముంచెత్తుతుంది. వెచ్చటి తడి మట్టిలో క్రోకస్ గడ్డ ఎక్కువ రోజులు నిలవదు. ఒకవేళ నిలిచినా ఏప్రిల్, మే నెలల్లో మట్టి కాగిపోయినప్పుడు అది మిగలదు.

ఫ్రిజ్ మాటలో కొంత నిజం ఉంది. క్రోకస్, హయసింత్, తులిప్ గడ్డలను కాగితపు సంచిలో పెట్టి 12 వారాలకు తక్కువ కాకుండా ఫ్రిజ్‌లో ఉంచి, బయటకు తీసి కుండీలో నాటితే చల్లటి గదిలో ఒకసారి పూయవచ్చు. ఆ పక్కన పండ్లు ఉండకూడదు. ముఖ్యంగా ఆపిల్, అరటి పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇంత చేసినా పువ్వు మన గది వేడికి రెండు మూడు రోజుల్లో వాలిపోతుంది. మరుసటి ఏడు ఆ గడ్డ మళ్లీ పూయదు, పారవేయాల్సిందే. స్నోడ్రాప్‌కు ఈ పద్ధతి అసలు నప్పదు, దాని గడ్డ ఎక్కువ రోజులు పొడిగా ఉంటే ఎండి చచ్చిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. స్నోడ్రాప్, హయసింత్, నార్సిసస్ గడ్డలు విషపూరితం. చూడడానికి చిన్న ఉల్లిగడ్డల్లా ఉంటాయి. వంటింటి ఫ్రిజ్‌లో మూడు నెలలు పెడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఉల్లిగడ్డ అనుకుని తరిగే ప్రమాదం ఉంది. ఆ పని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

అబ్బాయి సూట్‌కేసులో గడ్డలు తేవడం కూడా వద్దు. విదేశాల నుంచి నాటే గడ్డలు, విత్తనాలు, మొక్కలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు అధికారులిచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా తెస్తే విమానాశ్రయంలో తీసుకుంటారు. గడ్డకు అంటుకున్న మట్టిలో నులిపురుగులు, తెగుళ్లు వస్తాయి కాబట్టే ఆ కట్టుబాటు. మామిడి, టమాటా మీద ఇన్ని కుటుంబాలు బతుకుతున్న జిల్లాలోకి కొత్త తెగులును మనమే మోసుకురాకూడదు.

ఇక అసలు విషయం. ఆ ఫొటోలో మీ మనసుకు తగిలింది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. పువ్వు అందం ఉంది, కాదనను. కానీ ఎడిన్‌బరోలో ఫిబ్రవరిలో పూసే క్రోకస్ విలువ ఆ అందానికి మించినది. బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగల్లో శీతాకాలం దాటేది అప్పటికే జతకట్టిన రాణి ఒక్కటే. మిగతా గుంపు అంతా శరదృతువులోనే చనిపోతుంది. ఆ రాణి నెలల తరబడి మట్టిలో ముడుచుకుని ఉండి, ఫిబ్రవరి, మార్చిలో కాస్త వెచ్చబడగానే ఆకలితో బయటికొస్తుంది. మకరందం తాగి శక్తి తెచ్చుకోవాలి, పుప్పొడి తిని గుడ్లు పెట్టాలి, ఒంటరిగా కొత్త గూడు మొదలుపెట్టాలి. అప్పటికి చుట్టుపక్కల ఏదీ పూసి ఉండదు. మామూలు తేనెటీగలు కూడా చలికాలమంతా పట్టులో ఒకదాన్నొకటి అతుక్కుని వెచ్చగా ఉండి, బయట 10 డిగ్రీలు దాటిన పూట తొలిసారి ఎగురుతాయి. వాటికి దొరికే తొలి పుప్పొడిలో క్రోకస్‌దీ ఒకటి. ఎండ పడితే ఆ పువ్వు విచ్చుకుంటుంది, మబ్బు పట్టగానే ముడుచుకుంటుంది. అంటే తేనెటీగ ఎగరగలిగే వేళకే తలుపు తీస్తుంది. ఏమీ పూయని రోజుల్లో పూయడమే దాని గొప్పతనం.

మనం ఇక్కడికి తెచ్చుకోవలసింది ఆ పద్ధతినే. చిత్తూరులో తేనెటీగకు ఆకలి రోజులు ఎప్పుడో చూసి, అప్పుడు పూసేది నాటాలి. ఫిబ్రవరి మనకు ఆకలి నెల కాదు. ధనుర్మాసం నుంచే మామిడి పూత మొదలవుతుంది. ఆ తరువాత నేరేడు, వేప, కానుగ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎండలు ముదిరే వేళకు శేషాచలం కొండల్లో ఎర్రచందనం పసుపు పచ్చగా పూసి, ఆ చెట్ల కింద నిలబడితే ఈగల రొద వినిపిస్తుంది. తరువాత మీ చింతచెట్టు ఉండనే ఉంది. ఈ విందు జూన్‌తో ముగుస్తుంది. అక్కడి నుంచి వానాకాలంలో పూత పలుచబడుతుంది. పూసినా వాన పుప్పొడిని కడిగేస్తుంది, ముసురు పట్టిన రోజున ఈగ బయటికే రాలేదు. తేనెటీగలు పెంచేవాళ్లు పెట్టెల్లో చక్కెర పాకం పోసేది ఈ నెలల్లోనే. మీరు ముందుగా పూలు నాటవలసింది ఆ నెలల కోసం.

అయితే విందు ఉన్న ఫిబ్రవరిలో మీ చింతచెట్టు ఈగలకు అపాయం లేదని అనుకోకండి. మీ ఉత్తరంలో మామిడి తోట ప్రస్తావన చూసి నాకు మొదట తోచింది ఇదే. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడుతుంది. పూరెమ్మల రసం పీల్చి జిగురు కారుస్తుంది, దాని మీద నల్లటి మసి పడుతుంది, పూత రాలిపోతుంది. రైతు భయపడి మందు కొడతాడు, అందులో తప్పు లేదు. పూత పూర్తిగా విప్పారిన రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, ఈగలు పూల మీద ఉండగా కొట్టడం మాత్రం తప్పు. విరివిగా వాడే ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. ఐరోపా సమాఖ్య 2018లో దాన్ని ఆరుబయట పంటల మీద వాడకుండా నిషేధించింది. మామిడి పూతను గాలి ఒక్కటే కాయగా మార్చలేదు. ఈగలు, తేనెటీగలు తిరగాలి. వాటిని చంపే మందు చివరికి కాపును కూడా తగ్గిస్తుంది.

కాబట్టి మీ తోటలో ఇలా చేయించండి. పూమొగ్గలు పొడుచుకొస్తున్న దశలోనే పురుగు కోసం చూడాలి. బెరడు పగుళ్లలో, పూరెమ్మల మొదట్లో నక్కి ఉండి, కొమ్మ కదిపితే చిటపటమని ఎగిరే పురుగులు ఎక్కువగా ఉంటే అప్పుడే వేపనూనెతోనో, మండల ఉద్యాన అధికారి చెప్పిన మందుతోనో ఒకసారి కొట్టించాలి. పూత విచ్చుకున్నాక చేయి ఆపాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాక ఇంకా పురుగు ఉంటే అప్పుడు రెండోసారి. కొట్టిన ప్రతిసారీ సాయంత్రం, ఈగలు గూటికి చేరాకే. కోత అయిపోయాక లోపలి గుబురు కొమ్మలు తీయించి వెలుతురు పడేలా చేస్తే పురుగుకు దాక్కోవడానికి చోటుండదు, మందు అవసరమే తగ్గుతుంది. మన వైపు చాలామంది తోటను పూత మీదే గుత్తకు ఇచ్చేస్తారు. మందు కొట్టేది గుత్తదారు. మీరూ అలా ఇచ్చి ఉంటే మాట్లాడుకునే రోజునే ఈ షరతు పెట్టండి. పక్క తోటల వాళ్లకూ చెప్పండి. బంగారుపాళ్యంలో పూత రోజుల్లో మందు ఆగితే పెరట్లో నాటే ఎన్ని గడ్డలకన్నా అది తేనెటీగలకు పెద్ద మేలు.

ఇప్పుడు గడ్డల సంగతి. ఫిబ్రవరిలో, మీ అబ్బాయి ఇంటి ముందు క్రోకస్ పూసే రోజుల్లోనే, మీ పెరట్లో గడ్డ నుంచి పువ్వు రావాలంటే అది మీ వంటింట్లోనే ఉంది. ఉల్లిగడ్డ నాటండి. నవ్వులాటకు చెప్పడం లేదు. ఐరోపా తోటల్లో వసంతంలో ఊదా రంగు బంతుల్లా పూసే అలియంలు ఉల్లికి సొంత చుట్టాలే. మనం ఉల్లిని పూతకు రాకముందే తవ్వేస్తాం కాబట్టి దాని పువ్వును చాలామంది చూసి ఉండరు. విత్తనం పండించే రైతులకు మాత్రం అది బాగా తెలుసు.

మొన్న వేసవికి ముందు తవ్వి, నిల్వ ఉంచిన పెద్ద ఎర్ర ఉల్లిగడ్డలను ఎంచుకోండి. మెడ గట్టిగా, మెత్తదనం లేకుండా ఉండాలి. సాంబారు ఉల్లి వద్దు, అది పిల్లలు పెడుతుంది కానీ అరుదుగా పూస్తుంది. దీపావళి దాటి పెద్ద వానలు తగ్గాక, కార్తీకంలో నాటండి. నీరు నిలవకుండా జానెడు ఎత్తున మడి కట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి, గడ్డ భుజం దాకా మట్టిలో ఉండేలా అడుగుకు ఒకటి చొప్పున పెట్టండి. పై నుంచి పావు వంతు కోసి నాటితే మొలక త్వరగా వస్తుంది, కోసిన చోట కాసేపు ఆరనివ్వాలి. పువ్వు రావాలంటే ఉల్లికి కూడా చలి కావాలి, కానీ మన వైపు రకాలకు క్రోకస్ అంత పట్టింపు లేదు. ధనుర్మాసపు చల్లటి రాత్రులతో చాలా గడ్డలు సర్దుకుంటాయి. అన్నీ పూయవు. కొన్ని ఆకులతోనే ఆగిపోతాయి, అందుకే కాస్త ఎక్కువే నాటండి. చిత్తూరు కన్నా ఎత్తులో ఉండి చలి ఎక్కువగా ఉండే పలమనేరు, కుప్పం వైపు మీకు బంధువులుంటే వాళ్ల పెరట్లోనూ కొన్ని పెట్టించండి. అక్కడ మరింత బాగా పూస్తాయి.

సంక్రాంతి దాటాక ఆకుల మధ్య నుంచి బోలు కాడ ఒకటి లేస్తుంది. మధ్యలో కాస్త ఉబ్బి, కొసన పల్చటి పొర కప్పిన మొగ్గతో మోకాలు దాటి పెరుగుతుంది. ఒకరోజు ఆ పొర చిరిగి, లోపల కిక్కిరిసి ఉన్న వందల చిన్న మొగ్గలు కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి విచ్చుకోవు. రోజుకు కొన్ని చొప్పున రెండు మూడు వారాల పాటు, అరచేతిలో పట్టేంత గుండ్రటి బంతి నిండా తెల్లటి బుల్లి నక్షత్రాలు వస్తుంటాయి. ఒక్కో పువ్వులో ఆరు కేసరాలు, వాటి మధ్య ఆకుపచ్చని గింజలాంటి అండాశయం, దాని పక్కన మెరిసే తేనె బొట్టు. పొద్దెక్కి మంచు ఆరాక గమనించండి. తేనెటీగ ఆ బంతి మీద వాలి, ఎగరకుండా చుట్టూ నడుస్తూ పువ్వు పువ్వుకీ మూతి పెడుతుంది. ఆ నడకలో దాని పొట్ట కింద పుప్పొడి అంటుతుంది. ఉల్లికి అది చాలా అవసరం. ఒకే పువ్వులో పుప్పొడి ముందు రాలిపోతుంది, అండాశయపు కొస ఆ తరువాత గానీ సిద్ధం కాదు. ఎవరో ఒకరు పక్క పువ్వు నుంచి మోసుకురాకపోతే గింజ కట్టదు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఉల్లి మకరందంలో పొటాషియం ఎక్కువ. దగ్గరలో అంతకన్నా రుచైన పూత ఉంటే తేనెటీగలు ఉల్లిని వదిలి అటు వెళ్తాయి. కాబట్టి ఆ మడి పక్కనే బారెడు మేర ధనియాలు, చారెడు ఆవాలు నవంబరులోనే చల్లి, కోయకుండా పూతకు వదిలేయండి. కొత్తిమీర పూత మీద చిన్న ఈగలు కూడా వాలతాయి. ఉల్లి ఆకు మీద తామర పురుగులు పడి తెల్లటి చారలు వస్తే పూకాడ లేవకముందే సాయంత్రం పూట వేపనూనె కొట్టండి, పూత వచ్చాక ఏదీ కొట్టకండి. కాడ గాలికి వాలితే పుల్ల పాతి కట్టండి. ఏప్రిల్ నాటికి బంతి ఎండి నల్లటి గింజలు కనిపిస్తాయి. అవి దాచుకుంటే తరువాతి నారుకు విత్తనం.

ఆకలి నెలల కోసం వాన లిల్లీ నాటండి. మన వాతావరణానికి ఇంతకన్నా గట్టి పూల గడ్డను నేను చూడలేదు. దీని సొంత ఊరు అమెరికా ఖండాలైనా మన పెరళ్లలో తరాల నుంచి ఉంది. గులాబి, తెలుపు, పసుపు రంగుల్లో దొరుకుతుంది. వేసవిలో ఆకు పూర్తిగా పోయినట్టే ఉంటుంది. తొలకరి వాన పడిన కొద్ది రోజులకు ఎండిన మట్టిలోంచి ఒక్కసారిగా మొగ్గలు లేస్తాయి. ఒక్కో పువ్వు ఉండేది ఒకటి రెండు రోజులే కానీ, ప్రతి మంచి వాన తరువాతా మళ్లీ పూస్తుంది. తెల్లది వానాకాలం చివరలో ఎక్కువగా పూస్తుంది కాబట్టి మూడు రంగులూ ఉంటే మీకు జూన్ నుంచి అక్టోబరు దాకా ఏదో ఒకటి పూస్తూ ఉంటుంది. వీటిలో మకరందం తక్కువ, ఈగలు వచ్చేది పుప్పొడి కోసం. ఉదయం పూట దగ్గర కూర్చుని చూడండి. కుట్టని చిన్న ఈగలు పసుపు కేసరాల మీద తలకిందులుగా వేలాడుతూ, వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు కట్టుకుంటూ ఉంటాయి.

నర్సరీలో ఊరికే లిల్లీ అని అడిగితే దండలకు వాడే లిల్లీ గడ్డలు చేతిలో పెడతారు. అది వేరే మొక్క. రాత్రి పరిమళంతో చిమ్మటలను పిలుస్తుంది, పొడవాటి గొట్టం అడుగున ఉన్న తేనె తేనెటీగకు అందదు. వాన లిల్లీ అని, పువ్వు రంగు కూడా చెప్పి అడగండి. ఎండ పడేచోట, నడిచే దారి అంచున, రెండు అంగుళాల లోతున, నాలుగు వేళ్ల ఎడంతో గుంపుగా నాటండి. విడివిడిగా కన్నా గుంపుగా పూస్తేనే ఈగ కంట పడుతుంది. వానలు ఆలస్యమైతే మూడు నాలుగు వారాలు నీళ్లు ఆపి, ఒకరోజు మడి మునిగేలా పెట్టండి, వారంలో పూస్తుంది. నల్లటి ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళి పురుగు ఒకటి రాత్రికి రాత్రే ఆకు మొత్తం తినేస్తుంది. మందు వద్దు, పొద్దున్నే చేత్తో ఏరేయండి. ఈ గడ్డ కూడా తినకూడనిదే. చిన్న పిల్లలు, మేకలు ఉంటే జాగ్రత్త.

అడవిలో దొరికే గడ్డల జోలికి పోకండి. ఎండల్లో ఆకు లేకుండా కాడ ఒక్కటే లేచి పూసే అడవి ఉల్లి, వానల్లో కంచెల మీద ఎరుపు, పసుపు మంటల్లా పూసే నాభి రెండూ మన వైపు కనిపిస్తాయి. రెండూ విషమే. నాభి దుంపలోని కొల్చిసిన్ మనిషి ప్రాణం తీయగలదు. పైగా 2010లో జీవావరణ రక్షణ ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం కొండల నుంచి మొక్కలు తవ్వి తేవడం తగని పని. ఎర్రటి పెద్ద పూల అమరిల్లిస్ వేసవి మొదట్లో పూస్తుంది, ఈగలు పుప్పొడికి వస్తాయి, కావాలంటే రెండు కుండీలు పెట్టుకోండి. వీటన్నిటి మధ్య తులసిని మరచిపోవద్దు. కోట దగ్గరున్న మొక్కకు మీరు వెన్నులు తుంచేస్తుండవచ్చు. పెరట్లో ఇంకో నాలుగు తులసి మొక్కలు వేసి, వాటి వెన్నులు మాత్రం తుంచకుండా వదిలేయండి. వానాకాలంలో ఈగలకు అంతగా ఉపయోగపడే మొక్క ఇంకొకటి చెప్పడం కష్టం. వేసవిలో మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, రాళ్ల తలలు మునగకుండా నీళ్లు పోసి చింతచెట్టు నీడన పెట్టండి. తొర్రను సిమెంటుతో పూడ్చనివ్వకండి.

ఇక మీ అబ్బాయి సంగతి. ఆ గడ్డలకు అసలైన చోటు అతని ఇంటి ముందే ఉంది కాబట్టి మీ ముచ్చట అక్కడ తీర్చుకోండి. ఇప్పటి నుంచి నవంబరు లోపు క్రోకస్ గడ్డలు నాటమనండి. ఫిబ్రవరిలోనే పూయాలంటే టొమాసినియానస్ అనే సన్న రకం మంచిది. అది గడ్డిలో తనంతట తానే విస్తరిస్తుంది. నాలుగు అంగుళాల లోతున, మొన పైకి ఉండేలా, గుప్పెడేసి గుంపులుగా పెట్టాలి. ఉడుతలు తవ్వి తినేస్తాయి, కాబట్టి నాటిన చోట వసంతం దాకా ఇనుప జల్లెడ పరవాలి. దాని తరువాత పూయడానికి నీలం రంగు సిల్లా, మస్కారి వేసుకుంటే ఏప్రిల్ దాకా ఈగలకు మేత ఉంటుంది. సిల్లా పుప్పొడి నీలంగా ఉంటుంది. ఆ పూల మీది నుంచి ఎగిరే తేనెటీగ కాళ్లకు నీలం ముద్దలుంటాయి, ఫొటో తీసి పంపమనండి.

చెట్టు నీడ పడే మూల ఉంటే వింటర్ అకొనైట్ అనే పసుపు పూల మొక్క, స్నోడ్రాప్ వేయవచ్చు. స్నోడ్రాప్‌ను మాత్రం ఎండు గడ్డగా కొనవద్దనండి. పూత అయిపోయిన ఫిబ్రవరి, మార్చిలో పచ్చటి ఆకులతో ఉన్న మొక్కలనే అమ్ముతారు, అవి నాటితే బతుకుతాయి. ఏ పువ్వైనా ఒంటి రేకలదే కొనాలి. ముద్దగా ఉన్న రెండు వరసల రకాల్లో కేసరాలు రేకలుగా మారిపోయి ఈగకు దొరికేది తక్కువ. పూలు అయిపోయాక గడ్డి కోసే తొందరలో ఆ ఆకులను కోయవద్దని మరీ మరీ చెప్పండి. వచ్చే ఏటి మొగ్గకు కావలసిన బలం గడ్డలోకి చేరేది ఆ ఆకుల నుంచే. అవి తమంతట తాము పసుపుబారి వాలిపోయేదాకా, అంటే పూత ముగిశాక సుమారు ఆరు వారాలు, ఆ చోట గడ్డి కోసే యంత్రం నడపకూడదు. అద్దె ఇల్లు అయితే యజమానికి ముందే ఒక మాట చెప్పి ఉంచమనండి.